మాయాయుధం ఎంత అరుదైతే అంత పనికొస్తుందా?

మహాభారత యుద్ధంలో పద్నాలుగో నాటి రాత్రి కర్ణుడు విసిరిన వాసవీ శక్తికి ఘటోత్కచుడు కూలిపోయాడు. పాండవులంతా దుఃఖంలో మునిగిపోతే కృష్ణుడు సింహనాదం చేసి, అర్జునుణ్ణి కౌగిలించుకుని, ఆనందంతో నర్తించాడు. అన్న కొడుకు చనిపోతే ఈ సంబరమేమిటని అర్జునుడు నొచ్చుకున్నాడు. కృష్ణుడు చెప్పిన జవాబు సారాంశం ఇది: ఆ శక్తి కర్ణుడి దగ్గర ఉన్నంతకాలం నిన్ను అతడి ఎదుటికి తీసుకువెళ్లడానికి భయపడ్డాను, ఇక ఆ భయం లేదు.

ఇంద్రుడు ఆ శక్తిని షరతులతో ఇచ్చాడు. ప్రాణం మీదికి వచ్చినప్పుడే వాడాలి, ఒక్క శత్రువు మీదే వాడాలి, ఆ తరువాత అది ఇంద్రుడి దగ్గరికి తిరిగి వెళ్లిపోతుంది. దానికి మారుగా కర్ణుడు పుట్టుకతో వచ్చిన కవచకుండలాలను ఒంటి నుంచి కోసి ఇచ్చాడు. భీష్ముడు పడిపోయేదాకా కర్ణుడు యుద్ధంలోకే దిగలేదు కనుక, ఆ ఆయుధం రణరంగంలో ఉన్నది పదకొండో రోజు నుంచి పద్నాలుగో రోజు రాత్రి వరకు. ఆ కొద్ది రోజుల్లో అది ఒక్క ప్రాణం కూడా తీయలేదు. అయినా అర్జునుడి రథం ఎటు వెళ్లాలో, ఎటు వెళ్లకూడదో అదే నిర్ణయించింది. రేపు దీన్ని అర్జునుడి మీద వేయమని దుర్యోధనుడి పక్షంవారు రాత్రిపూట కర్ణుడికి చెబుతూనే ఉన్నారు, తెల్లవారాక కర్ణుడు మరచిపోతూనే ఉన్నాడు. ఆ మరపు తన పనేనని కృష్ణుడు తరువాత చెప్పుకున్నాడు. చివరికి కర్ణుడు దాన్ని విసిరాడు, ఒక మహావీరుణ్ణి చంపాడు, అంతటితో అర్జునుడికి కాపలా లేని దారి తెరిచాడు.

పురాణాన్ని ఫాంటసీ అని పిలవాలని నాకు లేదు. కానీ మాయాయుధాలు ఎన్ని ఉండాలి, ఎంత పనికిరావాలి అని ఫాంటసీ రచయితలు, ఆటలు తయారు చేసేవారు, పాఠకులు చేసే వాదనలో ఈ ఘట్టం తీర్పులాంటిది. ఆ వాదనలో సాధారణంగా అరుదుతనాన్ని అలంకారంగా, ప్రయోజనాన్ని బలానికి కొలతగా చూస్తారు. రెండింటినీ విడివిడి మీటల్లా పైకీ కిందికీ జరుపుతారు. నా అభిప్రాయంలో అవి విడిగా ఉండవు. ఆయుధం ఎంత అరుదో అన్నదాన్ని బట్టి అది చేసే పనే మారిపోతుంది. కౌరవుల దగ్గర అలాంటి శక్తులు వంద ఉంటే అవి మంచి ఈటెలు, అంతే. ఒక్కటే ఉంది కాబట్టి, ఒక్కసారే పనిచేస్తుంది కాబట్టి, దాన్ని ఎప్పుడు ఖర్చు పెట్టాలన్నదే కథ అయింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. యూరోపియన్ ఫాంటసీలో మాయాయుధం అంటే ఎక్కువగా కత్తి. మన ఇతిహాసాల్లో ఎక్కువగా బాణమో, విసిరే శక్తో, మంత్రంతో ప్రయోగించే అస్త్రమో. కత్తి వాడాక ఒరలోకి తిరిగి వస్తుంది. విసిరినది చేయి దాటిపోతుంది. బహుశా అందుకే ప్రయోగం, ఉపసంహారం, ఒక్కసారి నియమం, అవసరానికి మంత్రం గుర్తుకురాని శాపం వంటివాటి గురించి మన కథలు అంతగా ఆలోచించాయి. కత్తి కథలకు ఆ అవసరం రాలేదు. అవి మరో ప్రశ్న మీద దృష్టి పెట్టాయి: ఇలాంటిది మళ్లీ ఎందుకు తయారు చేయలేకపోతున్నారు?

కొలిమి దగ్గర తేలాల్సిన లెక్క

చాలా ఫాంటసీ నవలలు ఈ ప్రశ్నను ఒక్క వాక్యంతో దాటేస్తాయి. ప్రాచీనులకు ఆ విద్య తెలుసు, ఇప్పుడు ఎవరికీ తెలియదు. సరే, ఎందుకు తెలియదు? లోకంలో కమ్మరులున్నారు, రాజులున్నారు, డబ్బుంది, యుద్ధాలున్నాయి. అంత గొప్ప కత్తి కోసం ఎవరూ వందేళ్లపాటు ప్రయత్నించలేదా?

దీనికి నమ్మదగిన జవాబు చరిత్రలోనే ఉంది, అందులో ఒక ముక్క తెలంగాణలో ఉంది. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఒకప్పుడు మూస ఉక్కుకు పేరుపడ్డ ఊరు. మట్టి మూసల్లో ఇనుము పెట్టి, మూతి మూసి, బొగ్గుల కొలిమిలో గంటల తరబడి కాచి, నెమ్మదిగా చల్లారనిచ్చేవారు. ఒకటి నుంచి రెండు శాతం దాకా కర్బనం ఉన్న ఉక్కు ముద్దలు వచ్చేవి. ఈ రకం ఉక్కు పశ్చిమాసియాకు వెళ్లి, నీటి అలల వంటి చారలుండే డమాస్కస్ కత్తులుగా మారేది. దక్కనులో సర్వే బృందంతో తిరిగిన భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వెస్లీ వోయ్సీ 1820 ప్రాంతంలో కోనసముద్రం పని చూసి వివరంగా రాశాడు. ఆయన రాసిన దాని ప్రకారం ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు అక్కడే మకాం వేసి, ఇనుము పాళ్లు తూయించడం దగ్గర నుంచి తయారీని స్వయంగా చూసుకునేవాడు. పర్షియా వర్తకుడు సముద్రం దాటి వచ్చి కొలిమి పక్కన కూర్చున్నాడంటే, ఆ ఉక్కు మరోచోట దొరకడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

ఆ తరువాత ఏమైంది? పంతొమ్మిదో శతాబ్దంలో అలల చారలున్న కత్తుల తయారీ ఆగిపోయింది. ఎందుకన్న దానికి లోహశాస్త్రవేత్త జాన్ వెర్హోవెన్, కత్తుల కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే 1990లలో ఒక వివరణ ఇచ్చారు. పాత కత్తుల ముక్కలను పరీక్షిస్తే వాటిలో వెనేడియం వంటి మూలకాలు అత్యల్ప మోతాదుల్లో కనిపించాయి. ముద్దను మళ్లీ మళ్లీ కాచి సాగగొట్టినప్పుడు కార్బైడ్లు (ఇనుము, కర్బనం కలిసిన గట్టి రేణువులు) వరుసలు కట్టి చారలుగా ఏర్పడటానికి ఆ చిటికెడు మలినమే కారణమని వారి వాదన. కొన్ని గనుల ఖనిజంలోనే అది ఉంటుంది. ఆ ఖనిజం రావడం ఆగిపోతే, తాతల నాటి పద్ధతిని అక్షరం తప్పకుండా పాటించినా చారలు రావు. ఒకటి రెండు తరాలు చారలు రాకపోతే పద్ధతి నేర్పేవాడూ ఉండడు, నేర్చుకునేవాడూ ఉండడు.

ఫాంటసీ రచయితకు ఇంతకంటే పనికొచ్చే వివరం దొరకదు. ఆ విద్య ఎవరి మూర్ఖత్వం వల్లా పోలేదు, శాపం వల్లా పోలేదు. తన ఉక్కులోని రహస్యం ఏమిటో దాన్ని చేసిన కమ్మరికే తెలియదు. తెలియనిదాన్ని అతడు కొడుక్కి ఎలా అప్పగిస్తాడు? మాయాయుధం అరుదుగా ఉండటానికి ఇంత దృఢమైన కారణం ఉంటే, ఆ లోకంలో ఎంత ధనవంతుడైన రాజు ప్రయత్నించి విఫలమైనా మనం నమ్ముతాం.

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ నవలల్లోని వలీరియన్ ఉక్కు ఈ దారిలోనే నడుస్తుంది. చారలున్న, తేలికైన, పదును పోని ఉక్కు. దాన్ని చేసిన వలీరియా నాలుగు వందల ఏళ్ల క్రితం నాశనమైంది. మిగిలిన కత్తిని కరిగించి మళ్లీ మలచగలిగే కమ్మరులు కొందరున్నారు, కొత్తగా చేయగలిగేవారు లేరు. అంటే లోకంలో ఆ ఉక్కు మొత్తం పెరగదు, చేతులు మారుతుందంతే. నాకు అన్నిటికంటే నచ్చే వివరం మరొకటి. ఆ రాజ్యంలోకెల్లా ధనవంతుడైన టైవిన్ లానిస్టర్ చితికిపోయిన చిన్న ప్రభువుల దగ్గర అలాంటి కత్తి కొనాలని కనీసం మూడుసార్లు ప్రయత్నించాడు. వారు కూతురినైనా సంతోషంగా ఇస్తారు గానీ కత్తి ఇవ్వరు. చివరికి అతడు శత్రువు వంశపు పెద్ద కత్తిని చేజిక్కించుకుని, కరిగించి, రెండు కత్తులు చేయించాడు. డబ్బుతో దొరకనిదని చెప్పడానికి రచయిత ధర చెప్పలేదు, జరగని బేరాన్ని చూపించాడు.

అయితే ఇందులో ఫాంటసీ రచయితలు దాదాపు ఎవరూ ముట్టుకోని కోణం ఒకటుంది: నకిలీ సరుకు. తొమ్మిది నుంచి పదకొండో శతాబ్దాల మధ్య ఉత్తర యూరప్‌లో ఉల్ఫ్‌బెర్ట్ అనే పేరు పొదిగిన కత్తులు వాడారు. ఇప్పటికి సుమారు 170 దొరికాయి. వాటిలో కొన్ని ఆ కాలపు యూరప్‌కు అసాధారణమైన నాణ్యత గల ఉక్కుతో చేసినవి. కొన్ని మామూలు ఇనుపవి, వాటిలో చాలావాటి మీద పేరు అక్షరాలు కూడా తారుమారుగా ఉన్నాయి. పేరుకు విలువ రాగానే పేరును దొంగిలించేవారు పుట్టుకొచ్చారు. ఒక లోకంలో మాయాఖడ్గం నిజంగా అంత అరుదైతే, అక్కడి ప్రతి సంతలోనూ దొంగ మాయాఖడ్గాలు అమ్ముడుపోవాలి. తాత ఇచ్చిన కత్తి అసలుదో కాదో తెలియని వీరుడు ఉండాలి. ఇలాంటి వీరుడి కథ చదవాలని నాకు చాలాకాలంగా ఉంది.

కొన్ని కథల్లో ఇబ్బంది విద్య దగ్గర కాక పదార్థం దగ్గర వస్తుంది. వజ్రాయుధం అలాంటిది. వృత్రాసురుణ్ణి చంపడానికి దధీచి మహర్షి ఎముకలు కావాలి, ఆయన ప్రాణం వదిలి ఇచ్చాడు. మలచినవాడు భారతంలో త్వష్ట, భాగవతంలో విశ్వకర్మ. (తెలుగు భాగవతంలో ఈ కథ ఉన్న షష్ఠస్కంధం ఏర్చూరి సింగన రచన. పోతన పేరుతో చెలామణి అవుతూ ఉంటుంది.) దేవతల దగ్గర పనివాడికి కొదవ లేదు, ఎముకలు ఇచ్చే మహర్షి ఒక్కడే. రెండో వజ్రాయుధం ఎందుకు లేదని ఎవరూ అడగరు.

మరికొన్నింట్లో పని జరిగే క్షణమే ఇబ్బంది. పదమూడో శతాబ్దపు ఐస్‌లాండ్ గ్రంథం ఎడ్డాలో ఉరుముల దేవుడు థోర్ సుత్తిని మరుగుజ్జు సోదరులు చేస్తారు. ఒకడు కొలిమిలో ఇనుము పెట్టి, నేను తీసేదాకా తిత్తులు ఊదడం ఆపకు అని రెండోవాడికి చెప్పి వెళతాడు. ఈ సోదరులతో పందెం కాసిన టక్కరి దేవుడు లోకి, అది గెలవాలని ఈగ రూపంలో వచ్చి వాడి కనురెప్పను కుడతాడు. రక్తం కంట్లోకి కారితే వాడు ఒక్క క్షణం చేయి ఎత్తి ఈగను తోలాడు. అందుకే ఆ సుత్తికి పిడి పొట్టిది. అద్భుతమైన వస్తువులో చిన్న లోపం, ఆ లోపానికి కొలిమి దగ్గర జరిగిన కారణం. కర్మాగారంలో వంద తయారయ్యే వస్తువుకు ఇలాంటి కథ ఉండదు.

పనికిరావడం అంటే చంపడమేనా?

ఎంత మాయాఖడ్గమైనా పట్టుకున్నవాడికి చేతులు రెండే, వీపు ఒకటే. అయిదు వేల ఈటెలు ఎదురుగా నిలబడినప్పుడు విరగని కత్తి ఉన్నవాడు మరికాసేపు బతుకుతాడు, అంతే. యుద్ధాలను తేల్చేవి తిండి, దారులు, సంఖ్య, క్రమశిక్షణ. అందుకే ఫాంటసీ రచయితలు చివరి ఘట్టాన్ని ఎలాగో ఒకలా ద్వంద్వయుద్ధంగా మారుస్తారు. తప్పు లేదు, కానీ అది ఆయుధం గొప్పతనం కాదు, కథ దానికి చేసిపెట్టిన ఏర్పాటు.

తెలివైన రచయితలు ఆయుధానికి బలాన్ని కాకుండా ఒక ఇరుకైన పనిని అప్పగిస్తారు. టోల్కీన్ లార్డ్ ఆఫ్ ది రింగ్స్ దీనికి గని వంటిది. అందులో ఫ్రోడో చేతి చిన్న కత్తి స్టింగ్ శత్రుజాతి ఓర్క్‌లు దగ్గర్లో ఉంటే నీలంగా మెరుస్తుంది. కత్తి చేసే పనుల్లో కోయడం కంటే హెచ్చరించడమే ఎక్కువ. ఆరగార్న్ వంశపు ఖడ్గం విరిగిన ముక్కలుగా ఉన్నప్పుడు కూరగాయలు తరగడానికి కూడా పనికిరాదు, అయినా అతడు రాజవంశీకుడని రుజువు చేస్తుంది. తిరిగి అతికించాక కూడా దాని అసలు ఉపయోగం అదే. ఆ కత్తి చూసి జనం అతడి వెంట నడుస్తారు.

వీటన్నిటికంటే గొప్పది ఫ్రోడో స్నేహితుడు మెర్రీ చేతి చిన్న బాకు. ఒక పాడుబడ్డ సమాధి దిబ్బలో దొరికింది. వెయ్యేళ్లకు పైగా క్రితం ఉత్తర రాజ్యపు కమ్మరులు తమ శత్రువైన ఆంగ్మార్ మాంత్రిక రాజుతో యుద్ధం కోసం చేసింది. ఆ రాజ్యం పోయింది, చేసినవారు పోయారు, శత్రువు మాత్రం మిగిలాడు. నవల చివరి భాగంలో మెర్రీ, తన చేతిలోది ఏమిటో తెలియకుండానే, ఆ రాజు మోకాలి వెనుక పొడిచాడు. ఏ ఇతర కత్తితోనూ కాని పని దానితో అయింది. వాడి శరీరాన్ని నిలబెట్టిన మంత్రం తెగింది, యోధురాలు ఎయోవిన్ వేటు వాణ్ణి అంతం చేసింది. బాకు ఎండుకొమ్మలా కాలిపోయింది. మిగతా నవలంతా అది మామూలు బాకు. ఒకే శత్రువు, ఒకే వేటు. వాసవీ శక్తికి ఇది సరిగ్గా తలకిందులు: కర్ణుడికి తన ఆయుధం ఏమిటో బాగా తెలుసు, తప్పు మనిషి మీద వేయాల్సి వచ్చింది. మెర్రీకి ఏమీ తెలియదు, సరైన మనిషికి తగిలింది.

ప్రయోజనాన్ని అదుపులో పెట్టడానికి మరో దారి, వాడినవాడి నుంచి మూల్యం వసూలు చేయడం. నార్స్ (ప్రాచీన స్కాండినేవియా) గాథలోని టిర్ఫింగ్ ఖడ్గాన్ని ఒక రాజు ఇద్దరు మరుగుజ్జులను బలవంతపెట్టి చేయించాడు. వాళ్లు అడిగినట్టే చేశారు, శాపం కూడా పెట్టారు. ఒర నుంచి తీసిన ప్రతిసారీ అది ఒక మనిషిని చంపాల్సిందే. చేయించుకున్న రాజూ దానికే బలయ్యాడు. మైకేల్ మూర్‌కాక్ 1961లో మొదలుపెట్టిన ఎల్రిక్ కథల్లో స్టార్మ్‌బ్రింగర్ అనే నల్ల ఖడ్గం ఆత్మలను తాగి, ఆ బలాన్ని రోగిష్ఠి వీరుడికి ఇస్తుంది. చిక్కేమిటంటే స్నేహితుల ఆత్మలు కూడా దానికి అంతే రుచి. ఇవి బాగా పనిచేసే కథలే. అయితే ఈ పద్ధతి ఇప్పుడు అరిగిపోయింది. శపించిన కత్తి కనబడగానే ఆ వీరుడి ప్రియురాలు బతకదని పాఠకుడు నాలుగో పేజీలోనే చెప్పేస్తున్నాడు.

పాచికల లోకంలో

ఈ మొత్తం లెక్కను తలకిందులు చేసినది ఆట. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ, కథలో పాత్రలుగా ఆడే ఆట) మాయాఖడ్గానికి అంకె ఇచ్చింది: ప్లస్ వన్, ప్లస్ టూ, ప్లస్ త్రీ. ఇరవై ముఖాల పాచికలో ఒకటి కలిపితే వేటు తగిలే అవకాశం మామూలుగా 5 శాతం పాయింట్లు పెరుగుతుంది. దెబ్బకు మరో ఒకటి. లెక్క ప్రకారం ఇది ఉపయోగకరమే. కానీ వరుసగా ఇరవై వేట్లు వేస్తే గానీ ఆ తేడా ఆటగాడి కంటికి ఆనదు. స్టింగ్ నీలంగా మెరిసినప్పుడు ఒళ్లు జలదరించినట్టు ప్లస్ వన్‌కు ఎవరి ఒళ్లూ జలదరించదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఆ ఆటలో కొన్ని పిశాచాలకు, భూతాలకు మామూలు ఆయుధాలు తగలవనే నియమం మొదటి నుంచీ ఉండేది. వినడానికి మాయాయుధానికి గౌరవం పెంచే నియమంలా ఉండేది. జరిగేది వేరు. అలాంటి భూతాన్ని రంగంలోకి దించాలంటే, ఆట నడిపేవాడు ముందుగా బృందంలోని యోధులందరికీ తలా ఒక మాయాయుధం దొరికేలా చూడాల్సి వచ్చేది. లేకపోతే సగంమంది ఆటగాళ్లు ఊరికే కూర్చునేవారు. ఆయుధం తప్పనిసరి అయిన రోజున అరుదుగా ఉండలేదు, ప్రవేశ టికెట్టు అవుతుంది. 2014 నాటి నియమావళిలో ప్లస్ వన్ ఆయుధం ‘అసాధారణం’ అనే తరగతిలో ఉంది. దాని పైన ‘అరుదు’, ‘చాలా అరుదు’, ‘పురాణ ప్రసిద్ధం’ ఉన్నాయి. అరుదైనదానికి పైన మరో అరుదైనది పెట్టాల్సి వచ్చిందంటే కింది మెట్టు అప్పటికే మామూలైపోయిందన్నమాట.

కంప్యూటర్ ఆటల్లో ఇది ఇంకా దూరం వెళ్లింది. అక్కడ అరుదుతనం అంటే రాక్షసుడు చచ్చినప్పుడు వస్తువు రాలే సంభావ్యత. వెయ్యికి ఒకటి అన్నది అరుదే. కానీ ఆటగాడు వెయ్యి రాక్షసులను చంపితే సగటున ఒకటి దొరుకుతుంది, పది లక్షల మంది ఆడితే పది లక్షల పురాణ ప్రసిద్ధ ఖడ్గాలు లోకంలోకి వస్తాయి. ప్రతి ఒక్కరి చేతిలో ఉన్న ఏకైక ఖడ్గం! దీన్ని తప్పుబట్టడం నా ఉద్దేశం కాదు. ఆటకు ఊపు కావాలి, ప్రతి గంటకూ ఏదో దొరకాలి. విసుగు పుట్టించేది, ఇలాంటి ఆటలతో పెరిగిన రచయితలు నవలలోకి కూడా ఆ మెట్లనే తెచ్చుకోవడం. మూడో అధ్యాయంలో వెండి ఖడ్గం, పదో అధ్యాయంలో అగ్ని ఖడ్గం, ఇరవయ్యోదానిలో దేవఖడ్గం. పదిహేనో అధ్యాయానికి వచ్చేసరికి వెండి ఖడ్గం ఏమైందో రచయితకే గుర్తుండదు.

పాత కథలు ఈ ప్రశ్నను చాలా పట్టించుకున్నాయి. కథ అయిపోయాక ఆయుధం ఎక్కడికి పోవాలి? దాన్ని లోకంలో వదిలేస్తే రేపు మరొకడి చేతిలో పడుతుంది, అరుదుతనం చెదిరిపోతుంది. అందుకే మెర్రీ బాకు కాలిపోయింది, కర్ణుడి శక్తి ఇంద్రుణ్ణి చేరింది. ఆర్థర్ రాజు చివరి గడియల్లో తన ఖడ్గం ఎక్స్‌కాలిబర్‌ను సరస్సులో పారేసి రమ్మని అనుచరుడు బెడివియర్‌ను పంపితే, అతడు అంత మంచి కత్తి పారేయడానికి మనసొప్పక రెండుసార్లు దాచి వచ్చి అబద్ధం చెప్పాడు. మూడోసారి గానీ విసరలేదు. మహాప్రస్థానంలో అర్జునుడు కూడా గాండీవాన్ని వదల్లేకపోయాడు. అప్పటికే యాదవ స్త్రీలను దొంగల నుంచి కాపాడలేకపోయిన రోజున దాన్ని ఎక్కుపెట్టడమే అతడికి కష్టమైంది, అస్త్రాలు గుర్తుకు రాలేదు. అయినా వెంట తీసుకువెళుతుంటే అగ్నిదేవుడు దారికి అడ్డం నిలిచి, వరుణుడి నుంచి నేను తెచ్చి ఇచ్చినది, తిరిగి ఇచ్చేయమని అడగాల్సి వచ్చింది. అర్జునుడు నీళ్లలో వదిలాడు, అమ్ములపొదులతో సహా.

కంప్యూటర్ ఆటలో ఈ పని దుకాణదారుడు చేస్తాడు. నిన్నటి పురాణ ప్రసిద్ధ ఖడ్గాన్ని వాడు ఎందరి దగ్గర నుంచైనా, బేరం లేకుండా, తక్కువ ధరకు కొంటాడు.